ఆరో నంబరు పట్టా

మొన్న నవంబరులో ఎర్లాంగెన్‌లో అతని కోసం పెట్టిన సంతాపసభలో నేను పావుగంట మాట్లాడాను. ఏడు కిలోమీటర్ల కొండదారి, నడుములోతు మంచు, మైనస్ ఇరవై రెండు చలి, దారి పొడవునా తోడేలు అడుగులు. చొక్కా లోపల గుండెకు ఆనించుకున్న ఒక రబ్బరు బెల్టు. పైన కొండ మీద ఆగిపోయిన మంచుబండి, దాని పక్కన నా కోసం ఎదురుచూస్తూ అతను. డెబ్బై ఒక్కేళ్ల వయసులో నేను ఆ బెల్టును అతని చేతికి అందించిన ఘట్టానికి వచ్చేసరికి హాల్లో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి జర్మనీలోని మన తెలుగు సంఘం చరిత్రలో నేనొక్కణ్ణే అయివుంటాను.

ఇప్పుడు సరిచేస్తాను. ఏడు కాదు, మూడు కిలోమీటర్లు. గట్టిగా పట్టుబడితే రెండున్నర. మంచు చీలమండ దాటలేదు. ఆ దారిని పొద్దున అతనే బండితో చదును చేసి పెట్టాడు. చలి మైనస్ పదకొండు. అడుగులు తోడేలువి కావు, కింద పార్కింగులో ఎవరో ఆవిడ తిప్పుతున్న బొచ్చుకుక్కవి. చొక్కా లోపల బెల్టు మాత్రం నిజం. దాన్ని అతని చేతికి అందించడమూ నిజం. కథను అక్కడ ఆపేయడమే అసలు అబద్ధం.

సంఘం పత్రికకు అతని గురించి రాయమని మన కుర్రవాళ్లు అడిగారు. పేరు రాయను. "పేరొద్దు సార్" అంది వాళ్లావిడ. "ఆడ షెడ్డు గోడ మీదికెల్లే తీసేసిన్రు. మల్ల పేపర్ల ఎందుకు?" ఆ గోడ మీద నుంచి ఆ పేరు ఎందుకు పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అతన్ని మొదట చూసింది ఒక ఉగాది సభలో. వేదిక మీద నేను, మెడలో దండ, ఒంటి మీద పట్టుపంచె. తెలుగు భాష గొప్పదనం గురించి దంచుతున్నాను. "సొంత అంకెలున్న జాతి మనది! వాటిని గోడ గడియారంలో కూడా బతికించుకోలేకపోయాం!" అన్నాను. సరిగ్గా అప్పుడే పంచె జారడం మొదలైంది. మొదటి వరసలోంచి ఒక పొట్టి మనిషి లేచి, దండం పెట్టడానికి వచ్చినట్టు దగ్గరికి వచ్చి, చేతిలో పిన్నీసు పెట్టాడు.

"పెట్టుకోండ్రి సార్. ఇంకోటి గూడ ఉన్నది" అన్నాడు గొంతు తగ్గించి.

ఇంకోటి కూడా ఉండడం, అదీ అతను. కళ్లజోడు రెండు, తాళంచెవులు రెండు జతలు, బూట్ల లేసులు రెండు జతలు. విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంటే ఖాళీ ఫారాలు రెండు ఎక్కువ పట్టుకుపోయేవాడు. ఒకటి తను తప్పు రాస్తే, ఒకటి వరసలో వెనక నిలబడ్డవాడు తప్పు రాస్తే. మధ్యాహ్నం డబ్బాలో ఎప్పుడూ రెండు చపాతీలు మిగిలేవి. మిగిలేవి కావు, మిగిల్చేవాడు. ఎవరో ఒకరు తినకుండా వస్తారని అతని నమ్మకం. చాలాసార్లు ఆ ఎవరో నేనే.

ఎర్లాంగెన్‌లో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. శనివారం తెల్లారేసరికి గంటన్నర కారు నడుపుకుని ఫిక్టెల్ కొండలకు పోయేవాడు. అక్కడ ఒక చిన్న ఊరి స్కీ క్లబ్బులో సభ్యుడు. చలికాలమంతా అడవిలో స్కీలవాళ్లు నడిచే జాడను మంచుబండితో గీయడం అతని పని, జీతం లేని పని. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడికి ఆ పిచ్చి ఎక్కడ పట్టిందో నాకు తెలియదు. ఒకసారి అడిగితే, "ఊకె కూసుంటె చలి పెడ్తది గద సార్" అన్నాడు. కొండెక్కితే ఇంకా చలి కదయ్యా అంటే, "ఆడ పెట్టే చలి వేరు" అన్నాడు.

నా భార్య పోయాక శనివారాలు నాకు పొడుగైపోయాయి. అతనే వచ్చి కారెక్కించుకునేవాడు. కొండ కింద పార్కింగు, పార్కింగు వెనక చెక్క షెడ్డు, షెడ్డులో నూనె హీటరు. నేను హీటరు పక్కన కూర్చుని టీ తాగుతూ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. అతను బెల్టులతో కుస్తీ పట్టేవాడు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. మంచుబండికి ముందు రెండు స్కీలు, వెనక పళ్లున్న వెడల్పాటి రబ్బరు ట్రాకు. ఇంజను తిరుగుడును ఆ ట్రాకుకు అందించేది ఒకే ఒక్క బెల్టు. రెండు కప్పీల మధ్య తిరుగుతూ ఉంటుంది. అది తెగిందా, ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, బండి అంగుళం కదలదు. ఆ బెల్టును అతను బెల్టు అనేవాడు కాదు. పట్టా అనేవాడు.

"మా బాపుకు గిర్నీ ఉండె సార్. పిండి గిర్నీ. ఆడ దాన్ని పట్టానే అంటరు."

"మాకు పట్టా అంటే పొలానిదో, చదువుదో అయ్యా."

"నాకూ రెండున్నై సార్. ఒకటి డార్మ్‌స్టాట్‌ల ఇచ్చిన్రు, ఒకటి గిదిగో, మెడలున్నది. డార్మ్‌స్టాట్‌ది ఎన్నడు తెగలే, ఎన్నడు పనికి రాలే."

మెడలో ఉన్నది అంటే నిజంగానే మెడలో. బండి సీటు కింద ఒక స్పేర్ బెల్టు, జాకెట్ లోపల మెడలో దండలాగా ఇంకొకటి. చల్లబడిన బెల్టు బిరుసెక్కుతుందని, ఎక్కించగానే గుంజితే విరుగుతుందని ఒంటి వేడి మీద ఉంచేవాడు. "ఎవరు చేశారయ్యా సన్మానం?" అని ఏడిపించేవాణ్ణి. "మీకు పువ్వులది ఏస్తరు, నాకు నేనే రబ్బర్ది ఏస్కుంట. నాది వాడిపోదు సార్" అనేవాడు.

అతను పన్నెండు సెకన్లలో బెల్టు మార్చేవాడని సభలో చెప్పాను. అబద్ధం. నాలుగు నిమిషాలు పట్టేది, చేతులు చల్లబడితే ఏడు. అతనికి తొందర ఉండేది కాదు. బండి పక్క మూత తీసి, లోపలి కవచం తీసి, వెనక కప్పీని ఇరుసు మీద విడదీసి, పాతదాన్ని పై నుంచి జారవిడిచి, కొత్తదాని మీద బాణం గుర్తు ముందుకే చూస్తోందా అని రెండుసార్లు చూసి ఎక్కించేవాడు. ఎక్కించే ముందు ప్రతి బెల్టు అంచునూ బొటనవేలితో చుట్టూ తడిమి, వాసన చూసేవాడు. కాలినది, కాలబోయేది వాసనలోనే తెలుస్తాయట. కొత్తది కొంటే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, మొదటి శనివారమంతా నడక వేగంతో తిప్పేవాడు. "కొత్త చెప్పు సార్. కరుస్తది. మెల్లగ అల్వాటు చెయ్యాలె." అలా అలవాటైనదాన్ని మళ్లీ విప్పి, అదే స్పేరుగా పెట్టుకునేవాడు. కొండ మీద ఆపదలో కొత్తది ఎక్కించకూడదని అతని నియమం.

తెగిన రోజు మాత్రం ఎంతసేపైనా వంగే ఉండేవాడు. తెగిన బెల్టు దారపు పోగులుగా చీలి కప్పీ వెనక చుట్టుకుంటుంది. వాటిని చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగేవాడు. "తెగింది తీసుడు పని కాదు సార్. దాని పోగులు తీసుడు పని. ఒక్కటి ఇడిసిపెట్టినా కొత్తదాన్ని తింటది."

ఇక అంకెల సంగతి. షెడ్డు గోడకు ఎనభై బెల్టులు వేలాడేవి. సరే, ఎనిమిది. పాత చిన్నబండివి కొన్ని, కొత్త పెద్దబండివి కొన్ని. చూడ్డానికి అన్నీ ఒకటే. పాతబండివి బొటనవేలంత ఎక్కువ పొడుగు, అంతే తేడా. ప్రతిదాని మీదా తెల్ల పెయింటుతో తెలుగు అంకె వేసుకునేవాడు. వాళ్ల నాన్న గిర్నీలో సుద్దముక్కతో అలాగే వేసేవాడట. ఒక పండగ ముందురోజు గిర్నీ పట్టా తెగింది. వాడకట్టు జనమంతా డబ్బాలతో, సంచులతో వాకిట్లో నిలబడ్డారు. ఇంట్లో ఇంకో పట్టా లేదు. గంట చూసి, అందరూ అవతలి గిర్నీకి పోయారు. పోయినవాళ్లు మళ్లీ రాలేదు.

"ఆ తెల్లారి బాపు రెండు పట్టాలు కొనుక్కచ్చి గోడకు తగిలేసిండు సార్. ఒకటి, రెండు అని రాసిండు. పట్టాలున్నై. గిరాకి లేదు." ఆ మాట అని బెల్టును మళ్లీ వాసన చూశాడు.

జర్మనుల షెడ్డులో ఆ అంకెలకు ఇంకో ఉపయోగం కూడా ఉండేది. అతను అలవాటు చేసిన బెల్టుల్ని మిగతా డ్రైవర్లు ఎడాపెడా పట్టుకుపోయేవారు. అర్థం కాని గుర్తులు చూశాక జంకి, అతన్నే అడిగి తీసుకునేవారు. "తాళం ఏసినట్టే సార్. సదవొచ్చినోళ్లం ఇద్దరమే ఉన్నం, మీరు, నేను" అనేవాడు గర్వంగా.

నేను తల ఊపేవాణ్ణి.

ఇప్పుడు చెప్పక తప్పదు. నాకు తెలుగు అంకెలు రావు. ఒకటి, రెండు, మూడు దాకా పోల్చుకుంటాను. ఆ పైన అన్నీ ఒకే చుట్టం మొహాలు. బళ్లో అయ్యవారు అంకెలు చెప్పిన నెలంతా నాకు ఆటలమ్మ పోసి మంచంలో ఉన్నాను. ఆటలమ్మ కూడా అబద్ధమే. ఆ నెలంతా బళ్లోనే ఉన్నాను. నా బుర్రకు ఎక్కలేదు, తర్వాత అవసరమూ పడలేదు. కానీ ఉగాదికి ఉగాదికి వేదిక ఎక్కి వాటికోసం కన్నీళ్లు పెట్టుకునేవాణ్ణి. నాకు ఏది రాకపోయినా 'తెలియదు' అన్న ఒక్క మాట రాకపోవడమే నా అసలు జబ్బు.

ఆ రోజు మూడేళ్ల కిందటి జనవరి శనివారం. రాత్రంతా తడిమంచు పడి, తెల్లారి గడ్డకట్టింది. కొమ్మలు విరిగి కొండ మీదికి వెళ్లే రోడ్డు మూసుకుపోయింది. పైన శిఖరం దగ్గర ఒక చిన్న బస ఉంది. దాన్ని నడిపే జర్మన్ ముసలాయనకు నాకంటే మూడేళ్లు ఎక్కువ. బఠాణీ సూప్ వండేవాడు. సూప్ కొనకుండా కూర్చుంటే నన్ను తిట్టేవాడు. మధ్యాహ్నం ఆయన గుమ్మం ముందు జారిపడ్డాడు. తుంటి విరిగింది. పొగమంచుకు హెలికాప్టర్ ఎగరలేదు. కొండ రక్షణ వాళ్లు అవతలి లోయలో ఇంకో ప్రమాదంలో ఉన్నారు. బండి ఉన్నది మనవాడి దగ్గరే.

పొద్దుటే ఆ బరువు మంచులో జాడ గీస్తూ ఒక బెల్టు తెంపుకున్నాడు, సీటు కిందది ఎక్కించుకున్నాడు. పైకి పోతూ అదీ తెగింది. మెడలోది తీసి ఎక్కించాడు. వెనక స్లెడ్జి కట్టి, ముసలాయన్ని దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టి దిగుతున్నాడు. దారిలో ఒక పల్లం, పల్లం తర్వాత ఒక ఎత్తు ఉన్నాయి. ఆ పల్లంలో మూడోది తెగింది. ఒకే రోజు మూడు. సభలో దీన్ని అయిదు చేశాను. మూడే చాలు.

షెడ్డులో నా ఫోన్ మోగింది.

"సార్, ఆరో నంబరు పట్టా తీస్కరాండ్రి. ఆరు. కుడి దిక్కు గోడకున్నది. అంగి లోపట ఏస్కోండ్రి, చల్లవడనియ్యకుండ్రి. పెద్దమనిషిని ఇడిసిపెట్టి నేను రాలేను."

"వస్తున్నానయ్యా."

"ఏమన్న డౌటుంటె ఒక్క ఫోటో తీసి పంపుండ్రి సార్. చూసి చెప్త."

"ఏమయ్యోయ్, సంఘం అధ్యక్షుడికి తెలుగు అంకెలు నువ్వు నేర్పుతావా?"

నవ్వాడు. "తప్పైంది సార్. మెల్లగ రాండ్రి, జారుతది" అన్నాడు.

కుడి గోడకు అయిదు బెల్టులున్నాయి. ఆరు అంటే ఏదో వంకీ తిరిగి తోక ఉంటుందని లీలగా గుర్తు. వంకీ, తోక రెండింటికి ఉన్నాయి. ఒకదాని మీద ౬ అని ఉంది, ఒకదాని మీద ౯ అని ఉంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒక్క ఫోటో. నేను ఆ రెంటినీ చూస్తూ నిలబడింది అర నిమిషం కూడా కాదు. తోక గట్టిగా ఉన్నదాన్ని తీసి మెడలో వేసుకుని, జాకెట్ జిప్ పైకి లాగాను. రెండూ తీసుకుపోవచ్చు కదా అని మీరు అడుగుతారు. రెండు తీసుకుపోతే రాదని ఒప్పుకున్నట్టే. ఎప్పుడూ రెండు మోసే మనిషి దగ్గరికి నేను ఒక్కటే మోసుకుపోయాను.

ముప్పావుగంట నడిచాను. దూరం నుంచి చూస్తే మంచులో బండి నల్లగా, పక్కన అతను స్వెట్టరుతో నిలబడి ఉన్నాడు. జాకెట్ ముసలాయన మీద ఉంది. ముసలాయన మొహం బూడిదరంగులో ఉంది. "రీమెన్?" అన్నాడు నన్ను చూసి. రీమెన్ అంటే బెల్టు. అయిదు నిమిషాలకొకసారి అదే మాట అడుగుతున్నాడట. నేను జిప్ తీసి మెడలోది చూపించాను. ఆయన నవ్వి కళ్లు మూసుకున్నాడు.

అతను బెల్టు అందుకుని, అంచు తడమబోయి ఆగాడు. అంకె వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ అంకె వైపు చూశాడు.

"ఏమయ్యా?"

"ఏం లేదు సార్. చలికి పేంటు సక్కగ కనవడ్తలేదు" అన్నాడు.

తెలిసి కూడా ఎక్కించాడు. వేరే ఏమీ లేదు కనుక. ఇంజను అరిచింది, బండి జానెడు ముందుకు కుదిపి ఆగిపోయింది. అది పాతబండిది, వదులై కప్పీలో జారిపోతోంది. రెండోసారి కాలిన వాసన వచ్చింది. మూడోసారి ప్రయత్నించలేదు. దాన్ని విప్పి, మడవకుండా, మెడలో వేసుకున్నాడు. స్లెడ్జి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ముసలాయన చేతుల్ని తన చంకల్లో పెట్టుకున్నాడు. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. మళ్లీ షెడ్డుకు పోయి వస్తానని నేను అనలేదు, ఇద్దరు ముసలివాళ్లను ఆ చలిలో వదిలి అతను పోలేడు. రక్షణ వాళ్లు అవతలి వైపు నుంచి నడిచి వచ్చేసరికి గంటన్నర. అప్పటికి ముసలాయన 'రీమెన్' అని అడగడం మానేశాడు.

ఆస్పత్రిలో తుంటికి ఆపరేషన్ చేశారు. ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. మూడో వారంలో పోయాడు. చలి వల్లనా, వయసు వల్లనా అంటే డాక్టర్లు ఏదీ తేల్చలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగింది క్లబ్బు వాళ్లు, అదీ అతన్ని. గాస్ట్‌హౌస్ అనే ఊరి హోటలు వెనక గదిలో పొడుగు బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. సాక్షిగా నన్నూ పిలిచారు. తప్పు బెల్టు ఎలా వచ్చిందని క్లబ్బు అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడు. అతను జర్మన్‌లో, "గుర్తులు నావి. నేను సరిగ్గా రాసుకోలేదు" అన్నాడు. నా వైపు చూడలేదు.

బల్ల చివర కూర్చున్న ఆవిడ, క్లబ్బు కార్యదర్శి, నా వైపు తిరిగింది. "మీకు ఈ లిపి చదవడం వచ్చా?"

"ఎందుకు రాదు? నా మాతృభాష" అన్నాను.

నేను ఆ మాట అనకపోయినా బహుశా అతను తప్పు తనమీదే వేసుకునేవాడు. కానీ అన్నాను. నాకు చదవడం వస్తే, తప్పు రాసినవాడిదే అవుతుంది. అతను జేబులోంచి బండి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. రెండో జేబులోంచి రెండో తాళంచెవి కూడా తీసి పెట్టాడు. ఆ రెండోది ఉందని వాళ్లకు తెలియదు.

కారులో గంటన్నర. హైవే మీద వాన. నేను సీటు బెల్టు సర్దుకుంటూ మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. బైరాయిట్ దాటాక అతనే నోరు తెరిచాడు.

"ఆకలైతున్నదా సార్? డబ్బాల రెండు చపాతీలున్నై."

తిన్నాను. ఇది రాస్తున్నప్పుడు ఆ చపాతీల దగ్గరే నా చెయ్యి ఎక్కువసేపు ఆగింది.

తర్వాత మూడు చలికాలాల శనివారాలు అతను ఇంట్లోనే ఉన్నాడు. మంచు పడితే కిటికీ దగ్గర నిలబడేవాడని వాళ్లావిడ చెప్పింది. నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. ఉగాదికి నా పంచెకు పిన్నీసు ఇచ్చాడు. నవంబరులో ఒక పొద్దున సైకిల్ మీద ఆఫీసుకు పోతూ, సిగ్నల్ దగ్గర దిగి, సైకిల్‌కు స్టాండు వేసి, పేవ్‌మెంటు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. సంచిలో స్పేర్ ట్యూబులు రెండు ఉన్నాయి. గుండెకు ఇంకోటి లేదు.

మొన్న ఫిబ్రవరిలో ఆ కార్యదర్శి ఆవిడ ఫోన్ చేసింది. ఆ కొండల్లో మంచు సరిగ్గా పడక క్లబ్బువాళ్లు బండి అమ్మేస్తున్నారు. అతని పేరున్న చెక్కపెట్టె ఒకటి షెడ్డులో ఉందట, తీసుకుపొమ్మంది. వాళ్లావిడ రానంది. కూతురు వస్తానంది. పదహారేళ్ల పిల్ల. సగం జర్మన్, సగం వాళ్ల నాన్న మాట. జర్మన్ పిల్లల్లాగే నాన్నను పాపా అని, అమ్మను మామా అని, తాతను ఓపా అని అంటుంది.

కారులో చాలాసేపు ఫోన్ చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"తాతా, పాపా ఆరు, తొమ్మిది మిక్స్ చేసిండని అందరంటరు. అందుకే ఆ ఓపా చచ్చిపోయిండని. మామా ఏం చెప్పది."

నేను వైపర్ల వేగం పెంచాను.

"నాకు నమ్మబుద్ధి కాదు. నాకు నంబర్స్ నేర్పిందే పాపా. నేనే పేంట్ చేసిన కొన్ని."

"వాన పెరిగిందమ్మా" అన్నాను.

షెడ్డులో హీటరు లేదు. గోడ మీద డ్రైవర్ల పేర్ల పలకలో అతని పేరు ఉన్నచోట రెండు మేకు రంధ్రాలున్నాయి. పెట్టె మూత తెరిచాను. ఎనిమిది బెల్టులు, మడతపడకుండా పాత తువ్వాళ్లలో చుట్టి ఉన్నాయి. పట్టకారు. ఎండిపోయిన పెయింటు సీసా. ఆ పిల్ల ఒక్కో బెల్టూ బయటికి తీస్తోంది, అంచు మీద బొటనవేలు నడుపుతూ. ఎవరు నేర్పారో అడగక్కర్లేదు.

"దస్ ఇస్ట్ జెక్స్" అంది ఒకదాన్ని ఎత్తి. ఆరు. వెంటనే, ఆలోచించకుండా అంది. తర్వాత కళ్లు చిన్నవి చేసింది. "పక్కనేంది ఇది? ఇది నంబర్ కాదు. లెటర్స్ నాకు రావు తాతా."

అందుకున్నాను. ౬. దాని పక్కన, అదే తెల్ల పెయింటుతో, అక్షరాల్లో ఉంది: ఆరు.

ఇంకోటి తీశాను. ౯. పక్కన: తొమ్మిది. అంచున కాలిన మచ్చ ఉంది. ఇంకోటి. ఎనిమిది. ఇంకోటి. నాలుగు. అన్నిటి మీదా రాశాడు. ముసలాయన ఇంకా బతికి ఉన్న ఆ మూడు వారాల్లోనే రాసి ఉండాలి, తాళంచెవులు ఇచ్చేశాక ఈ షెడ్డులోకి అతను రాలేదు. నేను మళ్లీ వస్తానని, మళ్లీ ఎప్పుడైనా ఫోన్ చేస్తే నేను తెచ్చేది సరైనదై ఉండాలని.

"వాట్ ఇస్ ఇట్?"

"ఆరు అని రాశాడమ్మా. అక్షరాల్లో."

"అంటే సేమ్? రెండుసార్లు? ఎందుకు?"

అందం కోసం అని చెప్పబోయాను. మీ నాన్నకు భాష మీద ప్రేమ అని చెప్పబోయాను, దాని మీద అక్కడికక్కడ పావుగంట మాట్లాడగలను. రెండూ నోటిదాకా వచ్చాయి.

"ఒకటి తన కోసం" అన్నాను. "ఒకటి నా కోసం."

ఆ పిల్ల నన్ను చూసింది. తర్వాత ఆ కాలిన బెల్టును నా చేతిలోంచి తీసుకుని, దాని మీద అక్షరాలు కనబడకుండా అరచేత్తో మూసి, ఒక్క అంకె మాత్రం కనిపించేలా నా మొహం ముందు పెట్టింది.

"ఇదెంత, తాతా?"

ఒక్క నిమిషం కిందట చూసిందే. కాలిన మచ్చను బట్టి తొమ్మిదని అనేయొచ్చు, అంకెను బట్టి అయితే ఆరో, తొమ్మిదో. తోక ఉంది, వంకీ ఉంది. ఆ రోజు ఇదే గోడ ముందు, చేతిలో ఫోన్‌తో నిలబడినట్టే ఉంది. బయట వాన రేకుల మీద కొడుతోంది.

"తెలీదమ్మా" అన్నాను.